దువ్వెన ఉన్న గది

ఎండలు ముదిరి మ్యూజియం మూతపడ్డాక, అందులోని వస్తువులను ఇంటికొకటి చొప్పున దాచమని ఇచ్చారు. బెజవాడలో సువర్చల ఇంటికి ఏనుగు దంతపు దువ్వెన వచ్చింది. దానికోసం ఒక్క గదికే ఏసీ కరెంటు. మనుషుల ఊపిరి తగిలితే దంతం బీటలిస్తుందని, ఆ గదిలోకి ఎవర్నీ వెళ్లనివ్వరు.

ఆ మధ్యాహ్నం యాభై రెండు డిగ్రీలు. చంటిది సొమ్మసిల్లిపోతుంటే సువర్చల ఎత్తుకుని ఆ గదిలోకి వెళ్లిపోయింది.

"ఎవరమ్మా లోపల? తేమ పెరుగుతోంది!" గోడలోని స్పీకర్లోంచి కాపలా అధికారిణి అరిచింది. "మూడొందల ఏళ్ల నాటి దువ్వెన, పాడైపోతుంది!"

సువర్చల అద్దాల పెట్టెలోకి చూసింది.

"పళ్లు ఎంత అరిగాయో చూడండి. ఏ తల్లో కూతురికి రోజూ తల దువ్వుంటుంది. ఆవిడైతే మమ్మల్ని బయటికి పొమ్మనదండీ."

స్పీకర్లోంచి అధికారిణి గొంతు తగ్గించి అంది:

"తలుపు దగ్గరగా వెయ్యమ్మా, చల్లదనం పోతుంది."