తొక్కమన్న రాయి

“తియ్యి! ముందా తాడు తియ్యి!”

మక్రుహి కొవ్వొత్తుల పెట్టె ధబ్బున కింద పెట్టి గుమ్మం దగ్గరికి ఉరికింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పుల మనిషి. అప్పుడు మాత్రం అవేవీ గుర్తు లేవు. మఠం తాళాలు ఆమె చేతికొచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఆమెకు చెప్పకుండా అక్కడ సాలీడు కూడా గూడు కట్టదని కార్మిర్‌జోర్ ఊళ్ళో అందరికీ తెలుసు. రాజధాని యెరెవాన్ నుంచి దిగిన అర్షవీర్‌కే తెలియదు.

అతను పాత కట్టడాల నిపుణుడు. చర్చి ముందున్న నాలుగు స్తంభాల మండపంలో, సరిగ్గా లోపలి గుమ్మానికి ఎదురుగా, నేలలో పరిచిన సమాధి రాయి ఒకటుంది. మెత్తటి ఎర్ర రాయి. దాని చుట్టూ పొట్టి ఇనుప కడ్డీలు నిలబెట్టి తాడు బిగిస్తున్నాడు.

“అరవకు అవ్వా. ఇది పదమూడో శతాబ్దపు రాయి, ఎవరో రాజుగారిది. అక్షరాల తీరు చూస్తేనే తెలుస్తోంది. జనం తొక్కి తొక్కి పేరంతా అరగ్గొట్టేశారు.”

“అరగాలనే కదా గుమ్మంలో పడుకున్నది! ‘వచ్చేపోయే వాళ్ళంతా నన్ను తొక్కండి, నా పాపం అరగనివ్వండి’ అని రాసుందిగా. చదువుకున్నోడివి, చదవలేదా?”

“చదివాను. పాపం సంగతి దేవుడు చూసుకుంటాడు. రాయి సంగతి నేను చూసుకోవాలి.”

“చచ్చినోడి ఆఖరి కోరిక కాదనడానికి నువ్వెవడివిరా?”

అర్షవీర్ నవ్వాడు. ఆ నవ్వు చూసేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“తాడుతో అయిపోలేదు. ఎల్లుండి సోమవారం మనుషులొస్తారు. రాయి పెకలించి మ్యూజియానికి తీసుకుపోతాం. ఇక్కడుంటే మీ ఊరివాళ్ళు దక్కనిస్తారా? గంట గోపురం కూలితే చెక్కుడు రాళ్ళు ఎత్తుకెళ్ళి పశువుల కొట్టాలు కట్టుకున్నారట!”

“కట్టుకున్నోడే సిగ్గుతో చితికిపోయి, ఆ కొట్టం కూలగొట్టి, ఒక్కో రాయీ వీపున మోసుకొచ్చి ఇక్కడ పెట్టాడు. అది మీ పుస్తకాల్లో రాశారా?”

“ఎవరతను?”

“ఎవడో ఒకడు. పోయాడు.”

“సరేలే. ఇది రక్షిత కట్టడం. ఇక్కడ మేకు కొట్టినా జైలే. తాడు మీద చెయ్యేశావంటే ఆ తాళాలు కూడా నీ దగ్గరుండవు, చెప్తున్నా.”

ఆ శనివారమంతా మక్రుహి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. రాయిని తప్పించుకుని పక్కనుంచి లోపలికి పోయే ప్రతి మనిషినీ చూసి పళ్ళు కొరికింది. రాయి కింది మనిషికి గౌరవం ఇస్తున్నామనుకుంటున్నారు, ఆ గౌరవమే వద్దని కదా అతను ఏడ్చింది!

ఆదివారం ప్రార్థన ముగిసింది. బలిపీఠానికి వీపు చూపించడం అక్కడ మహా తప్పు. అందరూ పీఠం వైపే చూస్తూ, శిలువ గుర్తు వేసుకుంటూ, వెనక్కి వెనక్కి నడిచి బయటికొస్తారు. బుద్ధి తెలిసినప్పటి నుంచీ అదే నడక. ఆ నేల వాళ్ళ మడమలకు కంఠతా వచ్చు. తాడు సంగతి కళ్ళకు తెలుసు గానీ మడమలకు తెలియదు.

ముందు తేనె అమ్మే వార్దుహి వెల్లకిలా పడింది. ఆమె మీద ఆమె మరిది పడ్డాడు. వాళ్ళిద్దరి మీదా గ్రామ పెద్ద సెద్రాక్, నూట పది కిలోల శాల్తీ, గోడ కూలినట్టు కూలాడు.

“ఎవడ్రా గుమ్మానికి అడ్డంగా తాడు కట్టిన ప్రబుద్ధుడు?”

అర్షవీర్ పరుగెత్తుకొచ్చాడు. “నేనేనండీ. రాజుగారి సమాధి పాడవకుండా... ఒక్క రోజు ఓపిక పట్టండి, రేపు రాయే తీసేస్తాం.”

“రాజుగారిదా?” సెద్రాక్ నడుం పట్టుకుని లేస్తూ మక్రుహి వంక ఓసారి చూశాడు. “సరే, రాజుగారిదే. రాయి తీసి గుంత పెడతావా? వచ్చే ఆదివారం ఊరంతా అందులో పడాలా? నేను పుట్టినప్పట్నుంచి ఈ గుమ్మంలో ఎవడి కాలూ బెణకలేదు. నువ్వొచ్చిన రెండ్రోజులకే ముగ్గురం పడ్డాం!”

“పడితే పడ్డాం, మా వదిన నడుం ఎవడిస్తాడు?” అని వార్దుహి మరిది చొక్కా చేతులు పైకి మడిచాడు. వెనక ముసలమ్మలు చేతికర్రలు సవరించుకున్నారు.

అర్షవీర్ తన చేతులతోనే తాడు విప్పాడు. రాయి ఉన్నచోటే ఉండొచ్చని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. భోజనం చేసి వెళ్ళమన్నా ఆగకుండా మధ్యాహ్నం బస్సు ఎక్కేశాడు.

జనమంతా వెళ్ళాక మక్రుహి మండపం బయటి తలుపు దగ్గరికి వేసింది. కప్పు నడిమి కన్నంలోంచి వెలుతురు నేల మీద పడుతోంది. మోకాలు పట్టుకుని మెల్లగా వచ్చి, పాత శాసనాల అక్షరాలు చూపించి తానే చెక్కించిన ఆ రాయి మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడింది. రెండు రోజుల కోపమూ కళ్ళలోంచి కారిపోయింది.

“నేనుండగా నిన్నెవడు కదిలిస్తాడు, మొగుడా?” అంది.