తెర దించమన్న చెయ్యి

మ్యూజియంవాళ్ళిచ్చిన కళ్ళద్దాలు పెట్టుకోగానే, మాణిక్యానికి ఎప్పుడో చనిపోయిన అక్క రత్నావళి ఎదురుగా నాట్యం చేస్తూ కనిపించింది. ఈ రోజుల్లో ఏ ఊరి మ్యూజియంలో చూసినా ఇదే తంతు. ఆనాటి ఆధునిక నృత్యమంటూ, పాత వీడియోలనుంచి బొమ్మలు కట్టి పోయినవాళ్ళందరినీ ఆడిస్తున్నారు.

మాణిక్యం అలవాటుకొద్దీ అక్క వెనక్కి వెళ్ళి నిలబడింది. ఒకప్పుడు ఆ ప్రదర్శనలన్నిటికీ తెర తాడు లాగింది తనే.

ముందున్న జనానికి అక్క చిరునవ్వే కనిపిస్తోంది. వెనక మాత్రం ఆమె ఎడమచెయ్యి నడుమును తడుతోంది. ఊపిరి అందనప్పుడు, తెర దించెయ్యమని చెల్లెలికి చేసే సైగ అది. మూడో మనిషికి తెలియదు. ఏ కెమెరా ఆ వైపునుంచి తీయలేదు.

మాణిక్యం తాడు కోసం గోడంతా తడిమింది.

"ఏం వెతుకుతున్నారు మామ్మగారూ?" అని అడిగింది అక్కడి ఉద్యోగిని.

"దీన్ని ఆపమ్మా. మా అక్కకి ఊపిరాడట్లేదు."

"అది ఉత్త బొమ్మేనండీ. తలుపులు మూసేసినా అలా ఆడుతూనే ఉంటుంది. ఆపడం మా చేతుల్లో లేదు."

మాణిక్యం కళ్ళద్దాలు తీసేసింది. ఎదురుగా ఖాళీ నేల. ఉండబట్టలేక మళ్ళీ పెట్టుకుంది.

అక్క చెయ్యి ఇప్పుడు ఇంకా వేగంగా తడుతోంది.