భిక్షం చెప్పిన పథ్యం

అరవై ఒకటిలో దసరా పోయాక వహీద్‌కు ఒక్క వికెట్టూ పడలేదు.

దసరా దాకా ఆలేరు రైల్వే టీములో బౌలింగంటే వహీదే. పరుగెత్తుకొచ్చి వేస్తే బంతి నేలకు తగిలి పక్కటెముకల మీదికి లేచేది. జనగాం స్టేషన్ మాస్టరంతటివాడు బ్యాటు పక్కన పెట్టి దండం పెట్టాడు. ఇప్పుడూ అదే చెయ్యి, అదే పరుగు. బంతి మాత్రం నేలను ముట్టుకోకుండానే ఎదుటివాడి మోకాళ్ల ముందు బెల్లంముక్కలా వచ్చి వాలుతోంది. వాడు ఊరుకుంటాడా? మూడు మ్యాచులు, మూడూ సొంత మైదానంలోనే. పోయినసారి కొట్టిన బంతి కదులుతున్న గూడ్స్ బండిలో పడి కాజీపేట వెళ్లిపోయింది.

కెప్టెన్ గురవయ్య టికెట్లిచ్చే గుమాస్తా. టికెట్ల కిటికీలోంచే తీర్పు చెప్పాడు.

"ఈ ఆదివారం గాదు, ఆ మీది ఆదివారం భువనగిరోళ్లు వస్తున్నరు. గా దినం గూడ వికెట్ పడకుంటే, వహీదూ, నువ్వు నీడకు కూసోని స్కోరు రాయాలె. నీ జాగాల మా బామ్మర్ది ఏస్తడు."

ఆ బామ్మర్ది బంతి వేస్తే అంపైరు కూడా తల దాచుకునేవాడు.

వహీద్‌కు అన్నం సయించలేదు. సిగ్నల్ లాంపులు తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయి, వట్టి చెయ్యి తిప్పి చూసుకునేవాడు. నిద్రలో బంతి విసిరితే భార్య అజీజా బేగం ముక్కు వాచింది. తాయెత్తు కట్టించుకున్నాడు. కుడిచెయ్యి బరువైందనిపించి దాన్ని ఎడమచేతికి మార్చాడు. దవాఖానకు పోతే కాంపౌండరు భుజం నొక్కి చూసి, "చెయ్యి మంచిగనే ఉన్నది. దిమాకే అలిసింది" అన్నాడు.

దిమాకుకు మందు ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పలేదు.

ఆ శనివారం సాయంత్రం పట్టాల వెంట భిక్షం ఎదురొచ్చాడు. ముప్పై ఏండ్ల నుంచి పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేస్తున్న మనిషి. పట్టాల కింద అడ్డంగా పరిచిన స్లీపరు దుంగల మీద నడిచి నడిచి, ఆయన అడుగు దుంగకొకటిగా స్థిరపడిపోయింది. బజారులో నడిచినా అంతే, పెళ్లి ఊరేగింపులో నడిచినా అంతే. మైదానం చూసుకునే గాలయ్య దసరాకు బదిలీ అయినప్పటి నుంచి ఆ పని కూడా ఆయనదే. రాళ్లు ఏరతాడు, రోలరు లాగుతాడు, కొలిచి వికెట్ల కర్రలు పాతుతాడు. మ్యాచు ఆసాంతం చూస్తాడు. చప్పట్లు కొట్టడు.

"ఏంది వహీదూ, మొగం గట్ల వాడింది?"

"దిమాక్ అలిసిందట కాకా. బంతి లేస్తలేదు. భువనగిరోళ్ల మ్యాచుల తేలకపోతే నా పని అయిపోయినట్టే."

భిక్షం బీడీ ఆర్పాడు. చాలాసేపు వహీద్ కాళ్లను చూశాడు. ఆ తర్వాత తన కాళ్లను చూసుకున్నాడు.

"ఎనిమిది దినాలు బంతి ముట్టకు. మైదానం దిక్కే రాకు. ఆదివారం వచ్చి, ఏం సోంచాయించకుండ ఎప్పటి లెక్కనే ఎయ్యి."

"గంతేనా?"

భిక్షం కాసేపు ఆలోచించాడు.

"చింతపండు తినకు."

వహీద్ చింతపండు మానేశాడు. మైదానం కనపడుతుందని చుట్టు తిరిగి డ్యూటీకి పోయాడు. ఇంట్లో పులుపు వాసన రాకుండా అజీజా బేగం వారం రోజులు పప్పు మీదే వంట నడిపింది.

ఆదివారం మొదటి బంతి వేశాడు. నేలకు తగిలింది. లేచింది. భువనగిరి కెప్టెన్ "అబ్బా" అని పక్క పట్టుకున్నాడు. రెండో బంతికి నడిమి కర్ర ఎగిరి వికెట్ కీపరు కాళ్ల దగ్గర పడింది. పొద్దు వాలేసరికి ఏడు వికెట్లు. నీడకు కూర్చుని స్కోరు రాసిన గురవయ్య బామ్మర్ది ఏడుసార్లూ వహీద్ పేరే రాయాల్సి వచ్చింది.

తన మెడలో వేసిన దండ తీసి వహీద్ భిక్షం మెడలో వేశాడు.

"దిమాక్‌కు మందు నీ తాననే ఉండె కాకా!"

భిక్షం దండ సర్దుకుని కర్రలు పీకడానికి పోయాడు. నెల తిరిగేలోగా పథ్యం అడగడానికి జనగాం నుంచి ఇద్దరొచ్చారు. ఆలేరులో బంతి పట్టినవాడెవడూ చింతపండు ముట్టడం లేదు.

ఒకనాడు చారు పోస్తూ భిక్షం భార్య ఈదమ్మ ఆయన్ను నిలదీసింది.

"ఊరంత నీకు మొక్కుతున్నరు. నువ్వేమో జుర్రుకుంట చారు తాగవడ్తివి. గా మందేందో నాకన్న జెప్పవా?"

భిక్షం లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"మందు లేదు, మన్ను లేదే, రెండు దిక్కుల కర్రల నడుమ ఇరువై రెండు గజాలని నేను కొలిచినయి ఇరువై రెండు స్లీపరు అడుగులైనయి, టేపు పట్టి సూస్తే నాలుగు గజాలు తక్కువొచ్చింది, ఎవ్వలు సూడకముందే కర్రలు ఎనుకకు జరిపి పాతిన."