సాగనంపు

తను బొమ్మలమ్మే యాప్ మళ్ళీ వేషం మార్చింది. కొట్టుగదిలో ఒక్కతే కూర్చుని, పార్సిల్ పంపే బటన్ కోసం ఆమె ఫోనంతా గాలించింది.

"ఎక్కడ దాచి చచ్చార్రా!"

చివరికి ఓ మూల కనిపించింది. దాని మీద 'సాగనంపు' అని ఉంది.

అది నిరుడు పోయిన భర్త మాట. ఆమె కుట్టిన ప్రతి బొమ్మనూ కూతురిలా సాగనంపేవాడాయన. పెట్టెకు అంటించే టేపును మాత్రం పళ్ళతోనే కొరికేవాడు.

అదే యాప్‌లో గాజులమ్మే చెల్లెలికి ఫోన్ చేసింది.

"పార్సిల్ పంపే బటన్ మీద నీకేం రాసుందే?"

"'పంపించు' అనే ఉందక్కా. ఏం?"

ఆమె ఫోన్ పెట్టేసింది. వెనక చీకట్లో టేపు బర్రున సాగి, ఆగింది.

ఆమె తిరిగి చూడలేదు. కత్తెరను మెల్లగా వెనక్కి జరిపింది.

"పళ్ళు పాడవుతాయి. దీంతో కొయ్యండి."