తొమ్మిదీ పది

"తొమ్మిది దాటింది. లోపలికి పంపను" అంది కౌంటరమ్మ, రిజిస్టరు మూసి దానిమీద మోచెయ్యి పెట్టి.

"కావాలనే దాటాక వచ్చానమ్మా" అన్నాడు టైంకీపరు.

కౌంటరమ్మకి ఒళ్ళు మండింది. ఆందోళన జబ్బుకి పగటిపూట వైద్యం చేసే ఆ డే కేర్‌లో ఆవిడ చూడని కంగారు లేదు. గ్యాసు కట్టేశానా లేదా అని ఇంటికి పదిసార్లు ఫోన్ చేసేవాళ్ళని చూసింది, లిఫ్టు కనిపిస్తే కాళ్ళు వణికేవాళ్ళని చూసింది. కావాలనే ఆలస్యంగా వచ్చానని ఎదురుగా నించుని చెప్పే మనిషిని మాత్రం ఇదే చూడటం. అదీ ఎవరు? బస్టాండులో బస్సులొచ్చే వేళలూ పోయే వేళలూ రాసే ఈయన. ఎక్కడ ఆలస్యమైపోతుందో అన్న భయంతోనే ఇక్కడ చేరినాయన. మూడు వారాలుగా, తను తాళం తీసేసరికే మెట్లమీద కూర్చుని "తొమ్మిదింటికే కదమ్మా మొదలెట్టేది" అని ప్రాణం తోడేసినాయన.

"వేళాకోళమా బాబాయ్ గారూ? లోపల అందరూ కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చి వదులుతున్నారు. ఇప్పుడు తలుపు కిర్రుమందంటే పన్నెండు మందికీ గుండెలు జారిపోతాయి. మళ్ళీ వాళ్ళని కుదురుగా కూర్చోబెట్టడం మీవల్ల అవుతుందా, నావల్ల అవుతుందా?"

"డాక్టరు గారే ఇవాళ పది నిమిషాలు ఆలస్యంగా రమ్మన్నారమ్మా. అది తట్టుకోగలిగితే డ్యూటీలో చేరొచ్చని సర్టిఫికెట్ రాసిస్తారట. రేపటికల్లా చూపించకపోతే నా సీట్లో ఇంకొకర్ని వేసేస్తామన్నారు డిపోవాళ్ళు."

"ఆలస్యంగా రమ్మని ఏ డాక్టరైనా చెబుతారా? చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా."

"పోనీ, ఆయన్నే అడగండి."

"అడగాలంటే ఆయన రావాలిగా. రోజూ ఆయనొచ్చేదే తొమ్మిదిన్నరకి. ఈ వైద్యం ఆయనకి ఎవరు చేశారో ఏమో."

టైంకీపరు వెళ్ళి ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు. కౌంటరమ్మ ఓరకంట చూస్తూనే ఉంది. రోజూ గోడ గడియారాన్ని చూపులతోనే అరగదీసే మనిషి, ఇవాళ దానివైపు ఒక్కసారీ చూడలేదు. ఆవిడకి జాలేసింది. రేపు ఈ పెద్దమనిషి ఉద్యోగం పోతే ఆ పాపం తనకే చుట్టుకుంటుందని తోచింది. దాంతో చిరాకు ఇంకా పెరిగింది.

తొమ్మిదిన్నరకి డాక్టరు గారు భుజాన సంచీతో వచ్చారు.

"ఎన్నింటికొచ్చారు?"

"తొమ్మిదీ పదికండి."

"లోపలికెళ్ళలేదేం?"

"ఈవిడ రానివ్వలేదండి."

"చెమటలు పట్టాయా?"

"లేదండి."

"గుండె దడ?"

"కొంచెం. ఈవిడ కేకలకి."

డాక్టరు గారు పెద్దగా నవ్వారు. "మూడు వారాల్లో ఇంత మార్పు నేనెక్కడా చూడలేదు. ఆ సర్టిఫికెట్ కాగితం ఇలా ఇవ్వమ్మా."

"ఆలస్యంగా రమ్మన్నానని నాకో ముక్క ముందే చెబితే మీ సొమ్మేం పోయిందండీ? పొద్దున్నే నోరు పారేసుకున్నాను" అని సణుగుతూనే కౌంటరమ్మ కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. మనసు తేలికపడి, అడక్కుండానే స్టాంపు కూడా ఇంకులో అద్ది పట్టుకుంది. డాక్టరు గారు పెన్ను మూత తీశారు.

అప్పుడే పార్కింగు తాత తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఆయన చేతిలో టిఫిను డబ్బా ఉంది.

"ఇది ఈ బాబుదేనమ్మా. స్కూటర్ల మధ్య వదిలేసి పరిగెత్తుకొచ్చేశాడు. ఆరింటినుంచీ అక్కడే కూర్చుని, తొమ్మిదీ పది అయిందా, అయిందా అని నా బుర్ర తినేశాడు."

డాక్టరు గారి పెన్ను కాగితం మీదకి వచ్చి ఆగిపోయింది. కౌంటరమ్మ స్టాంపు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. టైంకీపరు తల వంచుకుని డబ్బా అందుకున్నాడు.

"మరి ఆలస్యంగా రావడానికి ఆలస్యమైపోతే ఎలాగండీ" అన్నాడు.