ఛాంపియన్‌గారి యాసిడ్

“పొడి యాసిడా? నీళ్ళ యాసిడా?” అడిగాడు షాపాయన, కౌంటరు మీద రెండు డబ్బాలు పెట్టి.

ఛాంపియన్‌గారు కళ్ళజోడు సర్దుకుని మొదటి డబ్బా మీద రాసింది చదివారు. రెండోది చదివారు. మళ్ళీ మొదటిదానికొచ్చారు. వెనకాల నిలబడ్డ బావమరిది గట్టిగా నిట్టూర్చాడు.

“బావా, స్విమ్మింగ్ పూల్లో కలపడానికి యాసిడ్ కొంటున్నాం. పిల్లకి సంబంధం చూడ్డంలేదు.”

“తొందరపడకూడదోయ్. ఒళ్ళు ముంచాల్సిన నీళ్ళు.” ఛాంపియన్‌గారు షాపాయన వైపు తిరిగారు. “రెండింట్లో ఏది మెతకది?”

“అందరూ ఏది గట్టిదని అడుగుతారండీ,” అన్నాడాయన వింతగా చూస్తూ. “నీళ్ళది ఘాటు. మూత తీస్తేనే పొగలొస్తాయి. పొడి కాస్త మెతక.”

“అయితే పొడే ఇవ్వండి.”

అసలు సంగతేమిటంటే, ఛాంపియన్‌గారికి ఈత రాదు.

పెళ్ళైన కొత్తలో బావమరిది ముందు గొప్పకి పోయి, కాలేజీలో ఈత కప్పు గెలిచానని ఓ మాట అన్నారు. చూపించమంటే, ఇల్లు మారినప్పుడు పోయిందన్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. ఏటికేడూ ఆ కప్పు పెరిగింది. ఆయన ఈదిన చెరువు కాస్తా నది అయింది. కొన్నాళ్ళకి ఆ నదికి వరద కూడా వచ్చింది. ఇప్పుడు వీధిలో అందరికీ ఆయన ఛాంపియన్‌గారే. ఇక భార్య అయితే, పేపరు వేసేవాణ్ణి కూడా ఆపి, “మా ఆయన నీళ్ళల్లో చేపనుకో” అని చెబుతుంది.

బావమరిది ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. బావగారు రిటైరైన నెలలోనే, ఆయన ఊళ్ళో లేని సమయం చూసి, పెరట్లో పూల్ కట్టించేశాడు. తిరిగొచ్చిన ఛాంపియన్‌గారు ఆ నీలం పలకల గొయ్యిని చూసి గేటు పట్టుకుని నిలబడిపోయారు. ఆనందం పట్టలేకపోతున్నారనుకున్నారు అందరూ.

“బావ దూకాకే ఇంకెవరైనా దిగేది!” అని వీధంతా చాటించాడు బావమరిది.

పూల్‌తో పాటు ఇచ్చిన కాగితంలో ఒక వాక్యం ఉంది. నీళ్ళలో యాసిడ్ మోతాదు సరిగ్గా కుదరకపోతే కళ్ళు మండుతాయి, చర్మం పొడిబారుతుంది అని. ఆ వాక్యం ఛాంపియన్‌గారికి ప్రాణం పోసింది.

“నీళ్ళు కుదరనీ. మరుక్షణం దూకుతా,” అన్నారు.

పరీక్ష తేలికే. చిన్న గాజు గొట్టంలో పూల్ నీళ్ళు పట్టి మందు చుక్కలు వెయ్యాలి. నారింజ రంగొస్తే నీళ్ళు కుదిరినట్టు. ఎర్రబడితే యాసిడ్ చాలనట్టు.

విచిత్రమేమిటంటే, పొడి కలిపిన సాయంత్రం నారింజ రంగే వచ్చేది. తెల్లారేసరికి మళ్ళీ ఎరుపు. ఇంకాస్త కలిపేవారు. మళ్ళీ అదే తంతు. తన అదృష్టాన్ని తనే నమ్మలేకపోయారు ఛాంపియన్‌గారు.

“సిమెంటులోనే ఏదో లోపం ఉందోయ్,” అన్నారు బావమరిదితో.

“నా సిమెంటునంటావా బావా? నేను కట్టిన ఆస్పత్రిలో ఇంతవరకూ గోడకి చిన్న గీత పడలేదు!”

“మీ ఇద్దరి గోలా సరే, నా సంగతేమిటి?” భార్య మధ్యలో అందుకుంది. “పక్కింటావిడ రోజూ అడుగుతోంది, మీ ఆయన ఎప్పుడు దూకుతారని. నాకు తల కొట్టేసినట్టుంది.”

బావమరిదికి రోషం వచ్చింది. మర్నాడు తనే వెళ్ళి నీళ్ళ యాసిడ్ తెచ్చాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, షాపాయన చెప్పిన కొలత ప్రకారం తన చేత్తోనే పోశాడు. సాయంత్రానికి గొట్టంలో నీళ్ళు పండిన నారింజలా మెరిశాయి.

“అయిపోయింది! రేపు పొద్దున్నే ముహూర్తం. అందరికీ కబురు పెడుతున్నా.”

ఛాంపియన్‌గారు గదిలోకి వెళ్ళి, మంచం మీద బోర్లా పడుకుని, చేతులూ కాళ్ళూ ఆడించి చూశారు. దుప్పటి కింద పడింది. అంతలో భార్య తలుపు తోసుకుని వచ్చింది.

“నడుం పట్టేసిందా ఏమిటి?”

“ఆఁ, నడుమే,” అన్నారాయన.

పొద్దున్నే పెరడు నిండిపోయింది. పిల్లలు తువ్వాళ్ళు కప్పుకుని గట్టు మీద వరసగా కూర్చున్నారు. పక్కింటావిడ వీడియో తియ్యడానికి ఫోను పట్టుకుని నిలబడింది. నిక్కరులో వచ్చిన ఛాంపియన్‌గారు తువ్వాలు మెడదాకా బిగించి కప్పుకున్నారు. చలికనుకున్నారు జనం.

“దూకు బావా!” అరిచాడు బావమరిది.

“ఆ గొట్టం చూడందే ఆయన దిగుతారట్రా?” భార్య విసుక్కుంది. “ఊఁ, కానివ్వండి, ఆ పరీక్షేదో త్వరగా కానివ్వండి!”

ఛాంపియన్‌గారు వంగి నీళ్ళు పట్టారు. చుక్కలు వేశారు. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఒక కన్ను తెరిచారు.

ఎరుపు. నిప్పులాంటి ఎరుపు.

ఆయన మొహం వెలిగిపోయింది. వెంటనే సర్దుకుని దాని మీద ఇంత దిగులు పూసుకున్నారు. గొట్టాన్ని అందరికీ కనిపించేలా పైకెత్తారు.

“నా దురదృష్టం,” అన్నారు బొంగురు గొంతుతో.

బావమరిది తువ్వాలు నేలకేసి కొట్టాడు. “ఇనుప మేకుల్ని కరిగించే యాసిడ్ పోశాను కదా! ఎక్కడికి పోతోందది?”

“నీ సిమెంటునే అడుగు,” అన్నారు ఛాంపియన్‌గారు, మెడ నిటారుగా పెట్టి.

“నా ఖర్మ!” భార్య నుదురు కొట్టుకుని, విసవిసా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

వంటింటి తలుపు గడియ పెట్టి, యాసిడ్ మహిమ విరగ్గొట్టడానికి తను రోజూ తెల్లారకముందే పూల్లో కుమ్మరిస్తున్న బట్టల సోడా ఇంకా ఎన్నాళ్ళకి సరిపోతుందో సంచి విప్పి చూసుకుంది.