యాదలక్ష్మి మాటముచ్చట

"ఒక్కసారి నొక్కితె ఔను. రెండుసార్లు నొక్కితె కాదు. సమజైందా?" అన్నాడు కురుమయ్య, ఐలేశం చెవి దగ్గరికి వంగి.

"సమజైంది తియ్యి. గింత దానికి గంత ఫికరెందుకు?" అన్నాడు ఐలేశం గొంతెత్తి.

"జర మెల్లగ మాట్లాడరా!"

తను మాత్రం గుసగుసగానే మాట్లాడుతున్నానని కురుమయ్య నమ్మకం. వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్న చుట్టాలు తలలెత్తి ఒకసారి ఇటు చూసి, మళ్ళీ చెంబులు వంచుకున్నారు. కొత్తకోట దిక్కు నుంచి బండి కట్టుకొని, కురుమయ్య మనుమరాలు యాదలక్ష్మిని తమ కొడుక్కి అడగడానికి వచ్చినవాళ్ళు వాళ్ళు.

కురుమయ్యకు చెవులు మందగించడం మొన్నటి చలికాలంలో మొదలైంది. ముందు మందలో గొర్రెపిల్లల అరుపు వినిపించడం మానేసింది. తర్వాత భార్య గోపమ్మ పిలుపు, ఆ తర్వాత మనుషుల మాటలు. ఎవరికీ చెప్పలేదు. పోలీసు అమీన్‌సాబు కచేరీకి పోవలసిన తగువులు కూడా కురుమయ్య అరుగు మీదనే తేలేవి. చెవిటివాడని తెలిస్తే ఆ అరుగు ఎవడెక్కుతాడు? అందుకే ఎదుటివాళ్ళు నవ్వితే నవ్వేవాడు, తలూపితే తలూపేవాడు.

ఊరు మొత్తంలో ఐలేశం మాట ఒక్కటే అతనికి చక్కగా వినిపించేది. చిన్ననాటి నుంచి ఒకే మంద వెంట తిరిగినవాళ్ళు కాబట్టే అలా అని కురుమయ్య అనుకున్నాడు. ఆ ధైర్యంతోనే పొద్దున అతనొక్కడికే గుట్టు విప్పాడు. "నా పక్కన కూసో. వాళ్ళేమంటరో నా మోకాలు నొక్కి చెప్పు" అన్నాడు. ఐలేశం నేల చూపులు చూస్తూనే సరేనన్నాడు.

చుట్టాలు వచ్చి గొంగళ్ళ మీద కూర్చున్నారు. పిల్లవాడి తండ్రి అంజయ్య ఏదేదో మాట్లాడాడు. ఒత్తైన మీసాల వెనక పెదవులు కూడా కనిపించడం లేదు. ఐలేశం ఒకసారి నొక్కాడు. కురుమయ్య తలూపాడు. ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ తలూపాడు. అంతా సాఫీగానే సాగింది.

ఇక అసలు మాట మిగిలింది.

కురుమయ్య ఒక్కగానొక్క బిడ్డ పెండ్లయినాక అత్తవారి మంద వెంట కృష్ణ దాటి పోయింది. నల్లమల అంచున చలిజ్వరం తగిలింది. దవాఖాన ఎక్కడో, వాళ్ళెక్కడో. చచ్చిపోయిన తల్లి పక్కనుంచి చంటి యాదలక్ష్మిని గొంగట్లో చుట్టి, ఇంటిదాకా ఎత్తుకొచ్చినవాడు ఆ ఏడు అదే మంద వెంట పోయిన ఐలేశమే.

"నాదొక్కటే మాట," అన్నాడు కురుమయ్య. "నా పిల్లను మంద ఎమ్మట అడివికి తోలొద్దు. గది ఒప్పుకుంటెనే పెండ్లి."

అంజయ్య గడ్డం గోక్కుంటూ ఏదో అన్నాడు. అతని భార్య ఏదో అన్నది. పిల్లవాడు తల్లి వైపు తిరిగి గట్టిగా చెయ్యి ఊపుతూ మాట్లాడాడు. ఐలేశం చెయ్యి కదలలేదు. అతను ఆ పిల్లవాడి మొఖం మీద నుంచి చూపు తిప్పడం లేదు. కురుమయ్య తన మోకాలి వంకే చూశాడు. తల్లి కొంగుతో కళ్ళొత్తుకొని, నవ్వి, కొడుకు వీపు మీద చెయ్యి వేసింది.

ఐలేశం ఒక్కసారి నొక్కాడు.

"అట్లైతె మాట ఇచ్చిన!" అన్నాడు కురుమయ్య. కల్లుకుండ వచ్చింది. అందరూ గొంతు తడుపుకున్నారు.

అంజయ్య మూతి తుడుచుకుంటూ మళ్ళీ ఏదో అడిగాడు. ఐలేశం నొక్కాడు.

"ఔను," అన్నాడు కురుమయ్య నిండుగా.

అందరూ పకపకా నవ్వారు. తలుపు చాటున యాదలక్ష్మి కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గోపమ్మ వచ్చి భర్త చెవిలో మొత్తుకుంది: "లగ్గం వైశాఖంలనా, జేష్టంలనా అని అడుగుతుండ్రు!"

కురుమయ్య మొఖం ముడుచుకుపోయింది. తప్పు ఐలేశానిది కాదు. అటువంటి ప్రశ్నకు మోకాలు నొక్కి ఏమని చెప్తాడు పాపం? దాచి లాభం లేదనుకున్నాడు.

"నాకు చెవులు ఇనపడయి," అన్నాడు తల దించుకొని. "సిగ్గుకు దాసిపెట్టిన. గిప్పుడు మీరెట్లంటె గట్ల."

అంజయ్య లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి, "కాళ్ళు కడుగుతుంటెనే ఇన్నం మామా! మోకాలు నొక్కుడు ముచ్చటంత ఇన్నం. నీ ఇంటి పిల్ల కావాల్నని వచ్చినం గని నీ చెవుల కోసం వచ్చినమా?" అన్నాడు.

"ఊరంతటికి ఎరుకే," అన్నది గోపమ్మ. "నువ్వు సిన్నబోతవని ఎవ్వలు అనలే."

అయినా రోజూ అరుగు దగ్గరికి వస్తూనే ఉన్నారన్నమాట. కురుమయ్యకు తల మీది బరువేదో దిగినట్టయింది. వెంటనే అసలు భయం గుర్తొచ్చింది. "పిల్లను అడివికి తోలరు గద?"

ఈసారి పిల్లవాడే వంగి గట్టిగా చెప్పాడు. "తోలం తాతా. మంద ఎమ్మట నేను పోత. ఆమె మా అమ్మ కాడ ఉంటది. ఇందాక గదే చెప్పిన."

కురుమయ్య కళ్ళు చెమర్చాయి. పక్కనున్న ఐలేశం చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి నిజంగానే గుసగుసగా అన్నాడు. "నీ చెవులు లేకుంటె ఇయ్యాల నా పిల్ల బతుకేమయ్యేదిరా?"

ఐలేశం నవ్వి తలూపాడు.

పొయ్యి దగ్గర గోపమ్మకు సాయంగా ఉన్న ఐలేశం భార్య గుర్వమ్మ, అన్నం తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. కురుమయ్య చెవి దగ్గరికి వంగి కేకేసి చెప్పింది:

"ఆయనకు నీకంటె ముందే చెవులు పోయినయి బావా!"